కిటికీ లేని గది

కడపకు సముద్రం రాదు గానీ దాని భయం మా వీధిదాకా వచ్చేసింది. అమ్మాయి పోరు పడలేక, రిటైరైన డబ్బుల్లోంచి, చెన్నైలో ఓడెక్కి మూడు రోజులు తిరిగే విహారానికి టికెట్లు తీశాను. కబురు తెలిసి వచ్చినవాళ్లలో "సముద్రం బాగుంటాదన్నా" అన్నవాడు ఒక్కడూ లేడు. అందరిదీ ఒకటే మాట: "వాంతులైతే ఏం జేస్తావు? బస్సు ఆపినట్టు ఆపరు గదా!"

సమస్య గంభీరమైంది కనుక గంభీరంగానే ఆలోచించాను.

మాది నీళ్లెరగని సీమ అని వెక్కిరించేవాళ్లకు కేసీ కాలువ (కర్నూలు-కడప కాలువ) సంగతి తెలియదు. 1860ల్లో దాన్ని తవ్వించిన కంపెనీ సేద్యానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వించింది. కాబట్టి నౌకాయానం మాకు కొత్త కాదు, మానేసిన అలవాటు. అనుభవం అంటారా, రాయచోటి బస్సులో వెనక సీట్లో కూర్చుని గువ్వలచెరువు ఘాట్ దిగినవాణ్ని. ఒక చేతిలో నిమ్మకాయ, ఇంకో చేతిలో కవరు, ముందు సీటామె కొప్పులో వాడిన కనకాంబరాలు, పక్కన ఎవరో అప్పుడే విప్పిన పాలకోవా పొట్లం. ఆ మలుపులకు నిలబడిన కడుపుకు బంగాళాఖాతం ఒక లెక్కా? (నా కడుపు ఎన్నడూ నిలబడలేదన్నది ఇక్కడ అప్రస్తుతం.)

శాస్త్రమూ చదివాను. లోపలి చెవి "ఊగుతున్నాం" అంటుంది. గది గోడను చూస్తున్న కన్ను "ఎక్కడ? అంతా కుదురుగానే ఉందే" అంటుంది. ఈ ఇద్దరి పంచాయితీ తేలక మెదడు కడుపు మీద పడుతుంది. అన్నదమ్ముల పొలం తగాదాలో గట్టు మీది వేపచెట్టును కొట్టేసినట్టు.

ఇక గది. ఊపు తక్కువుండేది ఓడ నడిమధ్యన, కింది అంతస్తుల్లో. ధర తక్కువుండేదీ ఇంచుమించు అక్కడే. ఎక్కువ పోసి పైన బాల్కనీ గది కొన్నవాడు ఎక్కువ ఊగుతాడు. పిసినారికి వైద్యశాస్త్రం ఇంత అండగా నిలబడటం నేనింకెక్కడా చూడలేదు. వెంటనే కిటికీ లేని గదికి మార్పించాను. మా ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు. మూడో పూట నోరు విప్పింది: "సముద్రం చూసేదానికి పోతా సముద్రం కనపడని గదా? ఇంట్లో బీరువాలో పండుకుంటే పోలా?" నీళ్లూ ఆకాశమూ కలిసే గీతను చూస్తుంటే తిప్పు తగ్గుతుందని, ఆ గీత పై డెక్కు మీద అందరికీ ఉచితమని విన్నవించుకున్నాను.

మాత్ర సంగతి ఇంకో చిక్కు. తిప్పు మొదలవకముందే వేసుకోవాలి, వేసుకుంటే నిద్ర ముంచుకొస్తుంది. అల్లం నమిలితే కొందరికి నయమట. ఖాళీ కడుపు పనికిరాదు, నూనే కారమూ అంతకన్నా పనికిరావు. కారం దోసె లేకుండా కడుపు నింపుకోవడం ఎలాగో కడపవాడికి ఎవరు నేర్పాలి?

చివరికి నాకు ధైర్యమిచ్చినవాడు నెల్సన్. 1805లో ట్రఫాల్గర్ యుద్ధం గెలిచిన అంతటి నౌకాధిపతికీ గాలి ముదిరితే కడుపు తిప్పేదట. అంతటివాడికే తప్పలేదు, నాకు వస్తే పరువు తక్కువేమీ కాదు కదా అని పక్కింటి బావతో గొప్పగా అన్నాను.

బావ వక్క నములుతూ సావకాశంగా విన్నాడు.

"ఆయప్ప జీతం తీసుకోని కక్కినాడు బావా. నువ్వు దుడ్లు కట్టి కక్కేదానికి పోతాండావు."