గడుగ్గాయిల శిక్షాస్మృతి

దేశమేదైనా, గీసిన చెయ్యేదైనా, కామిక్స్‌లో అల్లరి పిల్లాడి మీద కేసు ఒకటే. తల దువ్వడు, హోంవర్కు చెయ్యడు, మేస్టారు బోర్డు వైపు తిరిగితే చాలు, జేబులోంచి ఉండేలు తీస్తాడు. అది చూసి పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. నవ్వడానికి ఇందులో ఏముందో తేల్చాలని మావాడి బ్యాగులోంచి ఒక పుస్తకం జప్తు చేశాను. విచారణలో బయటపడిన సంగతి దారుణం. ఈ కుర్రాళ్లకు పడే శిక్షలు తరం తరానికీ పలచబడిపోతున్నాయి!

1865లో జర్మనీలో విల్‌హెల్మ్ బుష్ గీసిన మాక్స్, మోరిట్జ్‌లనే చూడండి. మేస్టారు పొగతాగే పైపులో తుపాకిమందు కూరిన ఘనులు. మొత్తం ఏడు ఆగడాలు చేశారు. బుష్‌గారు కౌన్సెలింగులూ గట్రా పెట్టుకోలేదు. ఇద్దరినీ గోతంలో కుక్కించి, మరపట్టించి, బాతులకు మేతగా వేయించాడు. ఊళ్లో ఒక్కరూ కంటతడి పెట్టలేదు. అదీ క్రమశిక్షణంటే! మొక్కై వంగనిది మానై వంగునా అంటారు గానీ, నూకలయ్యాక వంగనిదంటూ ఉండదు.

పతనం అక్కడి నుంచే. ఆ కథ స్ఫూర్తితోనే రుడాల్ఫ్ డర్క్స్ 1897లో అమెరికా పత్రికల్లోకి హాన్స్, ఫ్రిట్జ్‌లను దింపాడు. వీళ్లకు పిర్రమీద నాలుగు తగిలించి వదిలేశారు. ఫలితం? జర్మనీ వాళ్లు ఏడో ఆగడంతో ఆగారు, వీళ్లు వందేళ్లు దాటినా ఆగలేదు.

1951 మార్చిలో పులిమీద పుట్రలా మరో ఇద్దరు ఊడిపడ్డారు. ఒకడు బ్రిటన్‌లో, ఒకడు అమెరికాలో, ఇద్దరి పేరూ డెన్నిసే. వీడి సంగతి వాడిని గీసినాయనకు తెలీదు, వాడి సంగతి వీడిని గీసినాయనకు తెలీదు. అమెరికా వాడు పక్కింటి పెద్దాయన ప్రాణం తోడేశాడు. ఎరుపు నలుపు చారల స్వెటరు తొడుక్కున్న బ్రిటన్ వాడికైతే పాతరోజుల్లో చివరి గడిలో నాన్న చెప్పు సిద్ధంగా ఉండేది.

ఆ చెప్పుదెబ్బల గడి ఒక్కసారి దగ్గరగా పెట్టుకుని చూడండి. పైకి లేచిన చెయ్యి, దెబ్బ వేగానికి గాలిలో గీతలు, చుట్టూ నక్షత్రాలు, కుర్రాడి ముఖమంతా నోరే. బాగానే ఉందనుకుంటాం. పేజీ తిప్పి పైవారం మొదటి గడి చూస్తే అదే కుర్రాడు ఈలేసుకుంటూ నిటారుగా నడిచొస్తుంటాడు! దండం దశగుణం భవేత్ అన్న మహానుభావుడు వారపత్రికలు చదివినట్టు లేదు. కొన్నాళ్లకు ఆ చెప్పు కూడా మాయమైంది.

ఇక అమెరికా పత్రికల్లో 1985 నవంబరులో మొదలై 1995 డిసెంబరులో ఆగిన కామిక్ కుర్రాడు కాల్విన్‌ది మరో వింత. పదేళ్లపాటు వాడికి ఆరేళ్లే, చదివింది ఒకటో తరగతే. ఇక్కడ శిక్ష పడింది ఎవరికి? పదేళ్లూ వాడికే పాఠం చెప్పిన ఆ టీచరమ్మకు.

"నా పుస్తకం ఎప్పుడిస్తావు నాన్నా?" అని మావాడు రోజూ అడుగుతున్నాడు. విచారణ నడుస్తోందని చెబుతున్నాను. ఇందాక అందులో మేస్టారి కుర్చీ కింద అల్లరి పిల్లాడు ఏదో పెట్టే గడి దగ్గరికి వచ్చేసరికి, ఇంత రాత్రివేళ ఆ ఇకిలింపులేమిటని మా ఆవిడ పుస్తకం లాక్కుపోయింది. పావుగంట నుంచి పక్కగదిలో ఒకటే నవ్వు. కుర్చీ కింద ఏం పెట్టాడో మాత్రం చెప్పదు.