ద్వారక వేషం కట్టిన ఎల్‌ఈడీ తెర గారికి

మహారాజశ్రీ తెర గారికి నమస్కరించి వ్రాయునది.

నిన్నటి కృష్ణరాయబారం నాటకంలో, పడుకున్న కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ సాయం అడగొచ్చే ఆ పడక సీనులో తమరి హంస గురించి. కొలనులో ఎడమ నుంచి కుడికి ఈదుతుంది, 20 సెకన్లు కాగానే చటుక్కున మళ్లీ ఎడమకి దూకుతుంది. కృష్ణుడేమో పద్యం చివర మోహన రాగంలో ఆలాపన ఎత్తుకున్నాడు. అది ఎంతసేపు సాగుతుందో హార్మోనియం ఆయనకే తెలీదు. ఊపిరిని బట్టి, చప్పట్లను బట్టి సాగుతుంది. ఆపైన వన్స్‌మోర్ ఒకటి. తమరి వీడియో ఆయుష్షు మాత్రం 20 సెకన్లే. ఒక్క ఆలాపనలో హంస 6 సార్లు దూకింది. ఏడో దూకుడుకి హాలంతా లెక్కపెడుతోంది, మోహన గాలికి పోయింది.

గుడ్డ తెరకి ఈ బుద్ధి లేదు. బొంగుకి చుట్టి, రెండు పక్కలా తాళ్లతో దింపేవారు. ఒక తాడు ముందు జారితే ద్వారక ఓ పక్కకి ఒరిగేదనుకోండి. దూరంగా ఉన్నట్టు చిన్నగా రాసిన గుమ్మం దగ్గరికెళ్తే అర్జునుడు గుమ్మం కన్నా పొడుగయ్యేవాడు. పార్శీ, ధార్వాడ నాటక కంపెనీలను చూసి నేర్చిన రాత కదా, కృష్ణుడి ఇంట్లో దొరల కమానులు, గాజు దీపాల గుత్తులు! మర్నాడు అదే తెర హస్తినాపురం. అయినా ద్వారక అంటే ఇప్పటికీ కళ్ల ముందుకొచ్చేది ఆ కమానులే, ఏం చేస్తాం.

తమరి వెలుగుకి దుర్యోధనుడి మొహం నల్లబడింది, ఫోన్లో తీస్తే కిరీటం మీద చారలు. సరే, పోనీ.

అరమీటరు పలకలన్నీ వరసగా వైరుతో గొలుసు కట్టి నిలబెడతారు కదా తమరిని. మధ్యలో ఒక వైరు వదులైతే దాని తర్వాతవన్నీ ఆరిపోతాయి. కురుక్షేత్ర యుద్ధమయ్యాక 36 ఏళ్లకి మునగాల్సిన ద్వారక పడక సీనులోనే సగం మునిగింది. మిగతా సగం మీద ‘నో సిగ్నల్’. ఆ నాలుగు నిమిషాలే పద్యం చెవికెక్కింది. తమరు చేసిన మేలు అదొక్కటే.

మర్యాద ఇక్కడితో సరి. రేపు ఒకే ఒక్క స్తంభాల బొమ్మ పెట్టు, కదపకు. వెలుగు పదో వంతుకి దించు. ఆ హంస మళ్లీ కనిపించిందో, ప్లగ్గు పీకేస్తా.