సొమ్మొకరిది, శాఖ ఒకరిది

ఆస్కార్ వాళ్ళ పాత జాబితాలో ఒక లైను ఉంది. 1936 నాటి సినిమాలకు ఇచ్చిన అవార్డుల్లో, సంగీతం దగ్గర. వారం రోజులుగా నేను ఆ లైనునే చదువుతున్నాను, మందు వేసుకున్నట్టు పూటకోసారి. తెలుగులో చెప్పుకుంటే అది ఇలా ఉంటుంది. ‘ఆంథోనీ అడ్వర్స్. వార్నర్ బ్రదర్స్ స్టూడియో సంగీత శాఖ. లియో ఫోర్బ్‌స్టైన్, శాఖాధిపతి.’ ఇంత హంగామా అయ్యాక, చివర్లో బ్రాకెట్లో, ‘సంగీతం: ఎరిక్ వోల్ఫ్‌గాంగ్ కార్న్‌గోల్డ్.’

ఆ బ్రాకెట్ చూశారా? పెళ్ళి శుభలేఖ మీద ఫంక్షన్ హాలు మేనేజరు పేరు బంగారు అక్షరాల్లో వేసి, కింద (వరుడు: చి. ఫలానా) అని అచ్చొత్తించినట్టు లేదూ?

తప్పు పట్టకండి. ఆస్కార్లు ఇచ్చే అకాడమీ వారు చదువుకున్నవారు, ఆలోచించే చేసి ఉంటారు. సంగీతానికీ ఒక బహుమతి ఉండాలని వారికి 1934లో తోచింది. మరి ఎవరికివ్వాలి? సంగీతం రాసినవాడికి అని మీరూ నేనూ అంటాం, అందుకే మనం అకాడమీలో లేం. వారి లెక్క వేరు. కరెంటు డిపార్టుమెంటు కరెంటు ఇస్తుంది, నీళ్ళ డిపార్టుమెంటు నీళ్ళు వదులుతుంది, సంగీత డిపార్టుమెంటు సంగీతం వదులుతుంది. కుళాయిలో నీళ్ళొచ్చినందుకు దండ వేయాలంటే ఎవరికి వేస్తాం? మేఘానికా, ఇంజనీరు గారికా? నాలుగేళ్ళు, అంటే 1937 సినిమాల దాకా, దండ ఇంజనీరు గారికే పడింది.

ఇంతకీ మన మేఘం ఎవరో చెప్పనివ్వండి. కార్న్‌గోల్డ్‌ది వియన్నా. తొమ్మిదేళ్ళ పిల్లవాడు పియానో మీద తన సొంత రచన వాయిస్తే గుస్టావ్ మాలర్ అంతటి స్వరకర్త విని, వీడు మేధావి అన్నాడు. పదమూడేళ్ళకు ఆ పిల్లవాడి బాలే వియన్నా ఆస్థాన ఒపేరాలో ఆడింది. ఇరవై మూడేళ్ళకు రాసిన ఒపేరా 1920లో ఒకే రోజున హాంబర్గ్‌లోనూ కొలోన్‌లోనూ మొదటి ప్రదర్శన జరుపుకుంది. రెండు ఊళ్ళు నాకంటే నాకని పోటీ పడ్డ మనిషి. 1934లో నాటక దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ రమ్మంటే హాలీవుడ్ వెళ్ళి, అక్కడ బ్రాకెట్లో పడ్డాడు.

బ్రాకెట్లో పడటం కూడా అదృష్టమే అనుకోవాలి. కార్న్‌గోల్డ్ రాసినదాన్ని ఆర్కెస్ట్రాలో ఏ వాద్యానికి ఏ ముక్క అని పంచి రాసినవాళ్ళలో హ్యూగో ఫ్రీడ్‌హోఫర్ ఒకడు. ఆయన పేరు బ్రాకెట్ గుమ్మం దాకా కూడా రాలేదు.

ఇదంతా నేను ఓర్చుకున్నాను. మరుసటి ఏడాది లైను చదివేదాకా.

1937 సినిమాలకు సంగీతంలో పద్నాలుగు నామినేషన్లు. గెలిచింది ‘వన్ హండ్రెడ్ మెన్ అండ్ ఎ గర్ల్’. అవార్డు ఎవరికి? యూనివర్సల్ స్టూడియో సంగీత శాఖకు. చార్లెస్ ప్రెవిన్, శాఖాధిపతి. బ్రాకెట్లో ఏముందో ఊహించండి. ‘స్వరకర్త పేరు లేదు.’

పేరు మరిచిపోయారని కాదు. అలాంటి మనిషే లేడు! పనిలేక పస్తులుంటున్న వందమంది వాద్యకారుల కథ అది. డియానా డర్బిన్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి వాళ్ళకోసం పేరుమోసిన ఆర్కెస్ట్రా కండక్టర్ లియోపాల్డ్ స్టోకోవ్‌స్కీ వెంటపడుతుంది. సినిమాలో ఒకటీ అరా కొత్త పాటలున్నాయి. మిగిలిన గొప్ప సంగీతమంతా చైకోవ్‌స్కీది, లిస్ట్‌ది, మొత్సార్ట్‌ది, వెర్డిది, ఇలాంటివాళ్ళది. వీళ్ళు యూనివర్సల్ ఉద్యోగులని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. తెలిశాక ఆ ఆఫీసు నా కళ్ళ ముందు నుంచి కదలడం లేదు.

ఉదయం తొమ్మిది. శాఖాధిపతి గారు హాజరుపట్టీ తెరుస్తారు.

‘‘చైకోవ్‌స్కీ?’’

‘‘రాలేదండి,’’ అంటాడు గుమాస్తా.

‘‘ఎప్పట్నుంచి?’’

‘‘1893 నుంచండి.’’

‘‘సెలవు చీటీ పెట్టాడా?’’

‘‘లేదండి. పోయారని చెప్పుకుంటున్నారు.’’

‘‘చెప్పుకుంటే సరిపోదు, సర్టిఫికెట్ తెమ్మను. నలభై నాలుగేళ్ళ గైర్హాజరు! జీతంలో కోత పెట్టు. లిస్ట్?’’

‘‘1886 నుంచండి. కానీ సార్, నిన్న స్టోకోవ్‌స్కీ గారి ఇంటి మెట్ల మీద వందమంది వాయించింది ఈయన రాప్సొడీయేనండి. చాలా బాగా వచ్చింది.’’

‘‘అది శాఖ పనితీరు. ఆయన్ని మధ్యలోకి తేకు. మొత్సార్ట్?’’

గుమాస్తా తల గోక్కుంటాడు. ‘‘ఆయన ఫైలు బాగా పాతదండి. 1791. అప్పటికి మన శాఖ పెట్టలేదు. సినిమా కూడా పుట్టలేదు. ఆ అమ్మాయి పాడిన అల్లెలూయా ఆయన ఏ హెడ్డు కింద రాశారో ఆడిట్ వాళ్ళకు అంతు పట్టడం లేదు.’’

‘‘నా హెడ్డు కింద వెయ్యి.’’

‘‘వెర్డి గారు 1901 నుంచి...’’

‘‘చాలు. స్టాఫులో ఒక్కడూ రాకపోయినా శాఖ నడుస్తోందంటే, అది ఎవరి సమర్థత?’’

‘‘తమరిదేనండి.’’

ఆ తరవాత ఇంకేముంది, ఆస్కార్. శాలువా కూడా కప్పి ఉంటే నిండుగా ఉండేది. ఆ పద్ధతి అమెరికాలో లేకపోవడం వారి లోటు.

ప్రెవిన్ గారిని నేను అనడం లేదు. ఏ ముక్క ఎక్కడ ఎంతసేపు వాయించాలో కూర్చడం కూడా పనే. కానీ ఆ ఏడు ఓడిపోయినవాళ్ళ వరస చూడండి. ‘లాస్ట్ హొరైజన్’కు సంగీతం రాసింది డిమిట్రీ టియోమ్‌కిన్. రష్యా విప్లవం తరవాత దేశాలు దాటి వచ్చిన పియానో విద్వాంసుడు. అభ్యర్థిగా ఎవరు నిలబడ్డారయ్యా అంటే కొలంబియా శాఖాధిపతి మోరిస్ స్టోలోఫ్. అంటే టియోమ్‌కిన్ గారికి ఓడిపోయే గౌరవం కూడా దక్కలేదు. ఆయన బదులు వేరొకరు ఓడిపోయారు!

ఇక్కడ ఫోర్బ్‌స్టైన్ తరఫున ఒక మాట చెప్పాలి, లేకపోతే నాకే అన్నం సయించదు. 1938 ఫిబ్రవరిలో ‘రాబిన్ హుడ్’కు సంగీతం రాయమంటే కార్న్‌గోల్డ్ రాయనన్నాడు. కత్తియుద్ధాల సినిమా తన ఒంటికి సరిపడదని ఆయన భయం. ఇంటికి వెళ్ళి కూర్చుని బతిమాలింది శాఖాధిపతి ఫోర్బ్‌స్టైనే. సరిగ్గా అదే రోజుల్లో ఆస్ట్రియా ఛాన్సలర్ హిట్లర్ ముందు తల వంచాడన్న వార్త వచ్చింది. కార్న్‌గోల్డ్ ఒప్పుకున్నాడు. మార్చిలో నాజీలు వియన్నాలో దిగారు. యూదుడైన ఆయన ఇల్లూ ఆస్తీ పోయాయి, ప్రాణం మాత్రం కాలిఫోర్నియాలో మిగిలింది. నన్ను కాపాడింది రాబిన్ హుడ్ అనేవాడట ఆయన. ఒక శాఖాధిపతి చేసిన అసలైన గొప్ప పని ఇది. దీనికి ఏ అవార్డూ లేదు, ఏ జాబితాలోనూ లైను లేదు. చెయ్యనిదానికి బొమ్మ ఇచ్చారు, చేసినదానికి ఏమీ లేదు.

ఆ ఏడాదే రూలు మార్చారు. సొంత సంగీతానికి ఇచ్చే అవార్డు రాసినవాడి చేతికే అన్నారు. ‘రాబిన్ హుడ్’కు కార్న్‌గోల్డ్ అందుకున్నాడు, బ్రాకెట్ లేకుండా.

టియోమ్‌కిన్ సంగతి అంటారా? ఆయన 1955లో వేదిక ఎక్కాడు. ‘ది హై అండ్ ది మైటీ’కి అవార్డు. అందరూ నిర్మాతకూ భార్యకూ థాంక్స్ చెప్పుకునే చోట నిలబడి, ఆ రష్యన్ యాసలో, పాత స్వరకర్తలైన బ్రామ్స్‌కు, బేథోవెన్‌కు, స్ట్రాస్‌లకు, వాగ్నర్‌కు, రిమ్‌స్కీ కోర్సకోవ్‌కు థాంక్స్ చెప్పడం మొదలుపెట్టాడు. హాలంతా గొల్లుమంది. జోకనుకున్నారు. నాకైతే అది బాకీ తీర్చుకోవడంలా కనిపిస్తుంది. పద్దెనిమిదేళ్ళ కిందట ఎవరి పేరు రాయాలో తెలియక ఖాళీ వదిలేసిన బ్రాకెట్‌ను మైకు ముందు నిలబడి ఒకడు నింపుతున్నాడు.

రూలు మారింది కదా, ఇక పేచీ ఏముందని అడుగుతారు. రూలు మారినంత మాత్రాన బుద్ధి మారుతుందా? సంగీత శాఖలో తలుపు మూస్తే, రికార్డింగు గదిలో కిటికీ తెరిచారు. ‘కాసాబ్లాంకా’ సినిమాలో పియానో వాయించే శామ్‌గా వేసిన డూలీ విల్సన్ అసలు డ్రమ్ములు వాయించేవాడు. ఆయన వేళ్ళు కీబోర్డు మీద అభినయిస్తుంటే, కెమెరా కంట పడనిచోట కూర్చుని పియానో వాయించింది ఎలియట్ కార్పెంటర్. తెర మీద ఎక్కడా ఆ పేరు కనపడదు.

‘సింగిన్ ఇన్ ద రెయిన్’ గురించి చెబితే మీరు నమ్మరు. 1952. కథేమిటి? ఒక పొగరుబోతు హీరోయిన్ గొంతు బాగోదు. వెనక నుంచి ఒక అనామక అమ్మాయి ఆమెకు గొంతు అరువిస్తుంది. చివర్లో తెర పైకి లాగి, పాడింది ఈ అమ్మాయేనని లోకానికి చూపిస్తారు. చప్పట్లు, కన్నీళ్ళు, న్యాయం గెలిచింది! సరే, ఆ అనామక అమ్మాయిగా నటించిన డెబ్బీ రేనాల్డ్స్, హీరోయిన్ కోసం ‘వుడ్ యూ’ అనే పాట పాడుతున్నట్టు చూపించారు. ఆ పాట పాడింది బెట్టీ నోయెస్. హీరోయిన్ మాటలకు డబ్బింగు చెబుతున్నట్టు చూపించిన చోటేమో, వినిపించేది హీరోయిన్‌గా వేసిన జీన్ హేగన్ సొంత గొంతు. అంటే ఎవరి గొంతు బాగోలేదన్నారో ఆమే, తనకు గొంతిస్తున్న అమ్మాయికి గొంతిచ్చింది. సత్యం గురించి సినిమా తీస్తూ బెట్టీ నోయెస్ పేరు టైటిల్స్‌లో వెయ్యలేదు. ఆమె ముందు తెర ఎవరూ లాగలేదు.

ఇంతవరకూ నవ్వుతూనే రాశాను. మార్నీ నిక్సన్ దగ్గరికొచ్చేసరికి నావల్ల కావడం లేదు.

1956లో ‘ది కింగ్ అండ్ ఐ’లో హీరోయిన్ డెబోరా కర్‌కు పాడింది ఆమె. వారాల తరబడి ఇద్దరూ పక్కపక్కన నిలబడి సాధన చేశారు. ఒక పాటలోనైతే మాట ఆమెది, రాగం ఈమెది, అతుకు కనబడదు. స్టూడియో ఏం చేసింది? ఈ సంగతి బయట చెప్పావో, ఈ ఊళ్ళో నీకు మళ్ళీ పని దొరకదని బెదిరించింది. పాట పాడినందుకు బెదిరింపు! రికార్డుకు ఇచ్చింది 420 డాలర్లు. అంకె నేను పెట్టింది కాదు. చివరికి గుట్టు విప్పింది డెబోరా కర్ తనే, పత్రికల వాళ్ళకు. ఆమె పరువేమీ పోలేదు, పెరిగింది.

‘వెస్ట్ సైడ్ స్టోరీ’ది ఇంకా నీచం. 1961 నాటి సినిమా. అందులో మరియాగా వేసిన నటాలీ వుడ్ చేత పాటలన్నీ పాడించారు. నీ గొంతే ఉంచుతామని నమ్మబలికి ఆ పాటలకే షూటింగు చేశారు. అంతా అయ్యాక మార్నీని పిలిచి, ఆ పెదవులు ఎలా కదిలితే అలా పాడమన్నారు. పెదవులు గొంతును అనుసరించాలి గానీ, గొంతు వెళ్ళి పెదవుల వెంటపడటం ఎక్కడైనా ఉందా? ఇంకో నటి రీటా మొరేనోకు పాడాల్సినామెకు ఒంట్లో బాగోకపోతే, అయిదుగురి పాటలో ఆ ముక్క కూడా మార్నీయే పాడింది. సినిమాకు పది ఆస్కార్లు. ఆమెకు తెర మీద పేరు లేదు, రికార్డులో వాటా లేదు. అడిగితే స్టూడియో కుదరదంది. సిగ్గేసి కాబోలు, ఆ పాటల స్వరకర్త లియోనార్డ్ బెర్న్‌స్టైన్ తన వాటాలోంచి పావు శాతం తీసి ఇచ్చాడు. ‘మై ఫెయిర్ లేడీ’లో ఆడ్రీ హెప్‌బర్న్‌కూ ఇదే కథ, ఇదే గొంతు, ఇదే మౌనం.

ఎందుకీ దొంగతనం? ప్రేక్షకులు భరించలేరట! అవే రోజుల్లో మద్రాసులో తీసిన తెలుగు సినిమాల టైటిల్స్‌లో ‘నేపథ్య గానం’ అని దర్జాగా కార్డు పడేది. ఘంటసాల, పి. లీల, పి. సుశీల. పెదవులు సావిత్రివి, గొంతు సుశీలది అని టికెట్ కొన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఎవరికైనా మూర్ఛ వచ్చిందా? హాలు కూలిందా? సావిత్రి మీద అభిమానం వీసమెత్తు తగ్గిందా? లక్షల డాలర్లు పోసి సినిమాలు తీసేవాళ్ళకు ఒక్క కార్డు ముక్కకు గతి లేదు. ఒక మనిషి గొంతు తీసుకుని ఆమె నోరే నొక్కారు కదరా!

క్షమించండి, గొంతు పెరిగింది.

1965లో ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ వచ్చింది. అందులో సన్యాసినులు కొందరు మఠంలో నిలబడి, ఈ మరియా అనే పిల్లతో వేగలేకపోతున్నామని పాటగా గోల పెడతారు. వాళ్ళలో సిస్టర్ సోఫియా అని ఒకామె ఉంటుంది, తెల్లటి తలగుడ్డలో గుండ్రటి మొహం. నాలుగేళ్ళ కిందట ఇంకో సినిమాలో మరియా అనే పిల్లకు గొంతిచ్చింది ఆమే. ఈసారి మరియాను ఆడిపోసుకుంటూ తన మొహంతోనే పాడుతుంది. పెదవులూ గొంతూ ఒక్క మనిషివే. నటీనటుల జాబితాలో పేరు కూడా వేశారు. మార్నీ నిక్సన్.