రెండు కాన్పులు, ఒకే తెర

మహారాష్ట్రలోని బల్లార్షాలో మేం రెండు కాన్పు కథలు వింటూ పెరిగాం. ఒకటి తెలుగు కథ, అమ్మమ్మతో పాటు గోదావరి దాటి వచ్చింది. సురభి నాటకంలో వేషం కట్టిన ఒక తల్లికి ఆట మధ్యలో నొప్పులొచ్చాయట. అక్కడే, తర్వాత సినిమా నటి అయిన సురభి కమలాబాయి పుట్టిందట. చూస్తున్న జనం అదీ నాటకమే అనుకున్నారట. రెండోది మరాఠీ కథ, మా నాన్నతో బొగ్గు గనిలో పనిచేసేవాళ్లు మా ఇంటికి తెచ్చింది. తమాషా (మరాఠీ జానపద నాటకం) నటి విఠాబాయి నారాయణ్‌గావ్‌కర్ నిండు చూలాలిగా ఆడుతూ, నొప్పులు రాగానే తెర వెనక్కి వెళ్లి, బిడ్డను కని, రాయితో బొడ్డుతాడు తెంపుకొని మళ్లీ ఆటకు వచ్చిందని. చెప్పే మనిషిని బట్టి, ఊరిని బట్టి ఈ కథ కొంచెం మారుతుంది. కొందరి కథలో జనం ఆమె కడుపు చూసి సంగతి గ్రహించి, దండం పెట్టి, ఇక ఆట చాలన్నారు.

మగవాళ్లు ఈ కథ చెప్పి ‘కళ అంటే అదీ’ అని మీసం దువ్వేవాళ్లు. అమ్మమ్మ మాత్రం ప్రతిసారీ ఒకటే అడిగేది: “పచ్చి బాలింతను గట్లెట్ల పోనిచ్చిండ్రే? ఒక్కలన్న ఆపలేదా?” చిన్నప్పుడు ఆ ప్రశ్న మాకు నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు విఠాబాయి గురించి ఎవరు రాసినా ముందు ఈ కాన్పుతోనే మొదలుపెట్టడం చూస్తుంటే, మొత్తం కథలో బుర్ర పెట్టి అడిగింది మా అమ్మమ్మ ఒక్కతేనేమో అనిపిస్తోంది.

విఠాబాయి 1935లో పండరిపురంలో పుట్టింది. వాళ్లది పుణె జిల్లా నారాయణ్‌గావ్ తమాషా కుటుంబం. తండ్రి భావు, ఆయన సోదరుడు బాపు కలిసి మేళం నడిపేవాళ్లు. పుట్టింది దళిత కులంలో, పెరిగింది బళ్లు కట్టుకుని ఊరూరా తిరిగే మేళంలో. లావణి పాటకు కాలు కదిపినా, వగ్‌లో (తమాషాలో వచ్చే నాటక భాగం) మాట విసిరినా ఆమెకు సాటి లేదని పేరు. 1957లో, మళ్లీ 1990లో రాష్ట్రపతి చేతుల మీదుగా పురస్కారం అందుకుంది. 2002 జనవరిలో పోయేనాటికి చేతిలో ఆస్పత్రి బిల్లుకు డబ్బుల్లేవు, దాతలు ముందుకొచ్చి కట్టారు. 2006 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వం ఆమె పేరుతో ఏటా అవార్డు ఇస్తోంది. ఈ వరుస చూశాక కోపం రాకపోతే ఎలా?

అర్ధ శతాబ్దం ఆడిన మనిషిని ఒక్క రాత్రికి కుదించేశాం. ఆమె గొంతు ఎలా ఉండేది, సోంగాడ్యా (తమాషాలో హాస్యగాడు) వేసిన జోకును ఎలా తిప్పికొట్టేది, నాలుగు వేల మంది కేకల మధ్య ఢోల్కీ తాళం తప్పకుండా ఎలా నిలబడేది, ఇవేవీ ఆ కథలో ఉండవు. ఉండేది రక్తం, రాయి, బొడ్డుతాడు. మగ నటుడి గొప్పతనానికి ఇలాంటి సాక్ష్యం ఎవరూ అడగరు. పద్యం బాగా పాడాడంటే చాలు, వన్స్‌మోర్ కొడతారు.

కమలాబాయి సంగతీ అంతే. 1885లో కడప జిల్లాలో మొదలైన సురభి, ఆడ వేషాలు మగవాళ్లే కట్టే కాలంలో ఇంటి ఆడవాళ్లను స్టేజీ ఎక్కించింది. ఆ ఇంటి పిల్లగా పెరిగి, తెలుగు తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి అయింది. 1951లో వచ్చిన ‘పాతాళభైరవి’లో తోట రాముడి తల్లి. (తొలి టాకీలోనూ ఆమెది తల్లి వేషమేననుకోండి.) ఇంత చేసినా, పేరెత్తగానే ఇళ్లలో గుర్తొచ్చేది ఆమె పుట్టుక. అందులో ఆమె ప్రతిభ ఏముంది? ఆ రాత్రి కష్టపడింది వాళ్లమ్మ. కథలో ఆ తల్లి పేరు చెప్పేవాళ్లే తక్కువ.

మా చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో ఇది పాత కాలపు ముచ్చట కాదు. ఇక్కడి ఝాడీపట్టి నాటకాలు దీపావళి తర్వాత మొదలై హోళీ దాకా సాగుతాయి. వడ్సాలో నాటక కంపెనీల బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఆట పెట్టించే ఊరి మండలి ముందే వచ్చి తారీఖు బుక్ చేసుకుంటుంది. ఆట ఉన్న రోజు ఊరంతా చుట్టాలే, పెళ్లి సంబంధాలు కూడా అక్కడే కుదురుతాయి. రాత్రి భోజనాలయ్యాక మొదలైన ఆట తెల్లారేదాకా నడుస్తుంది. ఝాడీపట్టి హాస్య నటుడు పరశురామ్ ఖుణేకి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాడలో తెలుగువాళ్లు కూడా మిఠాయి పంచుకున్నారు. రావాల్సిందే, వేల ఆటలు ఆడిన మనిషి. అయితే నవ్వించేవాడికి వయసు అడ్డు కాదు, ముడతలు పడేకొద్దీ నవ్వు ఇంకా పండుతుంది. హీరోయిన్‌కు ఆ సౌకర్యం లేదు. సంపాదించే ఏళ్లూ, పిల్లల్ని కనే ఏళ్లూ ఆమెకు ఒక్కటే. ఆ నాలుగు నెలల సీజన్‌లో కాన్పు పడిందంటే ఏడాది తిండి పోయినట్టే. ఆ టెన్షన్‌ను ‘కళ మీద భక్తి’ అనడం నాకు మింగుడు పడదు.

మన దగ్గర చట్టం లేదా అంటే ఉంది. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం, 2025 నవంబర్‌లో దాని స్థానంలోకి వచ్చిన 2020 సామాజిక భద్రత కోడ్, రెండూ చెప్పేది ఒకటే: కాన్పయిన ఆరు వారాల వరకు బాలింత చేత తెలిసి పని చేయించకూడదు. అంటే మనం చప్పట్లు కొట్టే దృశ్యం చట్టం దృష్టిలో నేరం. 1973 సవరణలో గుర్రపు విన్యాసాలు, సర్కస్ ఫీట్లతో పాటు ‘ఇతర ప్రదర్శనలు’ ఇచ్చే సంస్థలనూ ఆ పాత చట్టంలో చేర్చారు. నాటకం ఆ మాట కిందికి రాదని ఎవరైనా లాయర్ వాదించవచ్చు. వస్తుందనే నేనంటాను. అసలు చిక్కు వేరే చోట ఉంది. డబ్బులు అందాలంటే కాన్పుకు ముందు ఏడాదిలో 80 రోజులు పనిచేసి ఉండాలి. కొత్త కోడ్‌లోనూ ఈ లెక్క మారలేదు. డిమాండ్ ఉన్న నటి ఒక్క సీజన్‌లో అన్ని ఆటలు ఆడగలదు. కానీ రాత్రి లెక్కన కూలి ముట్టే మనిషిని ఉద్యోగి అని ఒప్పుకునేదెవరు?

యజమానిని తిట్టేస్తే సరిపోయే వ్యవహారమూ కాదు ఇది. సురభి అయినా, విఠాబాయిది అయినా ఇంటి మేళమే. ఆపాల్సినవాళ్లూ, ఆడితే తినేవాళ్లూ ఒకటే కుటుంబం. ఆట ఆగితే వంటవాడి నుంచి ఢోల్కీ వాయించేవాడి దాకా ఆ పూట పస్తే. ఒక్కలన్న ఆపలేదా అని అమ్మమ్మ అడిగినదానికి జవాబు ఇక్కడే ఉంది: ఆపగల స్తోమత ఆ తెర వెనక ఎవరికీ లేదు. తెర ముందు కూర్చున్నవాళ్లకు ఉంది, గ్రాంట్లూ అవార్డులూ ఇచ్చే ప్రభుత్వానికీ ఉంది.

అవార్డు ఇచ్చే ఆ చేత్తోనే ఇంకో పని చేయవచ్చు. ఏ ఊరికి ఏ తారీఖున ఏ ఆట అన్నది బుక్ చేసుకున్న కాగితాలు కంపెనీ దగ్గర ఎలాగూ ఉంటాయి. ఆ తారీఖు పక్కన ఆ రాత్రి వేషం కట్టినవాళ్ల పేర్లు రాసి, ఊరి మండలి చేత సంతకం పెట్టిస్తే చాలు. హోళీ నాటికి ఎవరు ఎన్ని రాత్రులు ఆడారో వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పవచ్చు, ఆ 80 రోజులకు అదే సాక్ష్యం.