మొరం టిప్పర్‌లో నికెల్ ఎంత?

"హైదరాబాద్ ఎర్రమట్టిలో వేల కోట్ల నికెల్! ఇండోనేషియాలోనూ ఇదే మట్టి. మొరం పేరుతో టిప్పర్లలో తరలిపోతోంది. వికారాబాద్ లేటరైటే సాక్ష్యం. నమ్మకపోతే అయస్కాంతం పెట్టి చూడండి." ఈ వారం మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఇది మూడుసార్లు తిరిగింది. మూడోసారి పంపింది మా పై ఫ్లోర్ అంకుల్, కాబట్టి మర్యాదగానే చెప్తాను.

"ఇదే మట్టి" అనడంలోనే తప్పుంది. ఎరుపు ఇనుము తుప్పుది. నికెల్‌కు రంగుతో పని లేదు, ఆ మట్టి ఏ రాయి చివికి వచ్చిందో ఆ తల్లిరాయితోనే పని. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో ఆ రాయి పెరిడోటైట్. సముద్రం అడుగున, భూమి పైపెంకు కింద ఉండాల్సింది పైకి నెట్టుకొచ్చింది. దానిలోని ఆలివిన్ అనే ఖనిజంలో మెగ్నీషియం చోట కాస్త నికెల్ దూరి ఉంటుంది. రాయి మొత్తం మీద 0.2–0.3 శాతం. అక్కడి వానలు లక్షల ఏళ్లు ఇంకేసరికి మెగ్నీషియం, సిలికా చాలావరకు కరిగి కొట్టుకుపోయాయి. ఇనుము కదల్లేదు, తుప్పై పైనే ఉండిపోయింది. నికెల్ కొంత ఆ తుప్పునే పట్టుకుంది. మిగతాది నీళ్లతో దిగి, కింద సగం మెత్తబడిన రాతిలో మళ్లీ మెగ్నీషియం చోటే చేరింది. అక్కడ 2 శాతం కూడా దాటుతుంది, పగుళ్లలో ఆకుపచ్చగా కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, అన్నిటికన్నా పైనున్న ముదురెరుపు పెచ్చులో నికెల్ తక్కువ!

మన కాళ్ల కింద ఉన్నది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. అందులో నికెల్ పది లక్షల పాళ్లకు ఓ పది పాళ్లు ఉంటే ఎక్కువ. గ్రానైట్ చివికితే అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం బంకమన్నవుతుంది, క్వార్ట్జ్ అనే ఖనిజం ఇసుకగా మిగులుతుంది. మన మొరం, దాని మీది చెల్క నేల అలా వచ్చినవే. పది టన్నుల టిప్పర్‌లో నికెల్ 100 గ్రాములు. అదే పది టన్నుల సులవేసి ఖనిజంలో 150 నుంచి 200 కిలోలు.

వికారాబాద్‌లో లేటరైట్, అంటే రాయి బాగా చివికి ఇనుము మిగిలిన ఎర్రటి పొర, ఉన్న మాట నిజమే. కానీ అది దక్కన్ బసాల్ట్, అంటే లావా గడ్డకట్టిన నల్లరాయి, చివికి వచ్చింది. ఆ రాయిలోనూ నికెల్ పెరిడోటైట్ కన్నా ఎన్నో రెట్లు తక్కువ. మన దేశంలో ఈ తరహా నికెల్ చూడాలంటే ఒడిశాలోని సుకింద లోయకు, క్రోమైట్ (క్రోమియం ఖనిజం) గనుల దగ్గరికి వెళ్లాలి.

ఇక అయస్కాంతం. అంటుకుంటుంది, నేనూ పెట్టి చూశాను. అంటుకునేది గ్రానైట్‌లోంచి రాలిన మాగ్నటైట్ రవ్వ, అంటే ఇనుప ఖనిజమే. ఖనిజంలో నికెల్ లోహంగా ఉండదు, తుప్పులోనో సిలికేట్‌లోనో కలిసిపోయి ఉంటుంది. దాన్ని అయస్కాంతం పట్టలేదు. వాన వెలిశాక మన రోడ్ల పక్క ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయే, అంకుల్ అయస్కాంతానికి అంటినవి అవే.