'ఎఫెక్ట్' ముద్ర వేశాక ఏం జరిగింది?

జిల్లా పేజీ చదివేవారికి బాగా తెలిసిన దృశ్యమే. ఫలానా ఊళ్లో నెల రోజులుగా నల్లా రావడం లేదని వార్త వస్తుంది. రెండు రోజులకు ఏఈ వస్తాడు, పైపు మారుస్తారు, ఆడవాళ్లు బిందెలు పట్టుకుంటారు. మూడో రోజు అదే పేజీలో ఫొటో పడుతుంది. పైన ఎర్రటి అక్షరాల్లో పత్రిక పేరు, పక్కనే 'ఎఫెక్ట్' అనే ముద్ర. తెలుగు పత్రికల్లో ఈ ముద్ర మామూలే, మేమూ వేస్తాం. విలేకరికి అది గర్వకారణం, ఊరికి సంతోషం. ఆరు నెలల తర్వాత ఆ నల్లా వస్తోందా లేదా అని చూడటానికి మాత్రం ఎవరూ వెళ్లరు. మేమూ చాలాసార్లు వెళ్లలేదు. ఈ సంపాదకీయంలో ఇతరులను నాలుగు మాటలు అనబోతున్నాం గనుక ముందుగా మా సంగతి ఒప్పుకోవడం న్యాయం.

హైదరాబాద్‌లో గ్రాంట్ల మీద బతికే మీడియా పని చాలానే జరుగుతోంది. కమ్యూనిటీ రేడియో, తండాల్లో చూపించే చిన్న సినిమాలు, ఆరోగ్యం మీద పాడ్‌కాస్టులు, యూట్యూబ్‌లో నడిచే చిన్నచిన్న వార్తా వేదికలు, ఇలా ఎన్నో. ప్రకటనల డబ్బుతో నడిచే మీడియా పట్టించుకోని విషయాలను ఇవే పట్టించుకుంటున్నాయి. వీటికి డబ్బిచ్చే దాతలు, కంపెనీలు అడిగే ప్రశ్న ఒక్కటే: మా డబ్బుతో సమాజంలో ఏం మారింది? ప్రశ్న సరైనదే. లెక్క అడగని దాత కంటే అడిగే దాతే మేలు. చిక్కంతా ఆ లెక్క తీసే పద్ధతిలో ఉంది. ఆ పద్ధతి ఇప్పుడు చేసే పనినే మార్చేస్తోంది.

ఈ మధ్య నగరంలోని ఒక చిన్న వీడియో బృందం తాము నింపాల్సిన నివేదికను మాకు చూపించింది. బాల్య వివాహాల మీద ఆరు లఘుచిత్రాలు తీసి, వికారాబాద్ వైపు ఊళ్లలో బడి పిల్లలకు చూపించారు. నివేదిక ఒక ఎక్సెల్ షీటు. ప్రత్యక్ష లబ్ధిదారులు ఎందరు, పరోక్ష లబ్ధిదారులు ఎందరు, మొత్తం వ్యూస్ ఎన్ని, వైఖరిలో మార్పు ఎంత శాతం అని వరసగా గడులు. ఒక బడిలో సినిమా అయిపోయాక తొమ్మిదో తరగతి అమ్మాయిలు గంటసేపు కదల్లేదట. ఒక పిల్ల లేచి, పిల్లల సహాయానికి ఉన్న 1098 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఇంట్లో తెలిసిపోతుందా అని అడిగిందట. ఆ బృందం ఏడాది పనిలో అంతకంటే విలువైన క్షణం మరొకటి లేదు. దాన్ని రాయడానికి షీటులో గడి లేదు. చివరికి ఆ అమ్మాయి 'ప్రత్యక్ష లబ్ధిదారులు' అనే అంకెలో ఒకటిగా కలిసిపోయింది.

ఆ గడులు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చూడాలి. వార్తల్లో పనిచేసే సంస్థలు విదేశీ విరాళాలు తీసుకోకూడదని 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం చెబుతోంది. మిగిలింది ఇక్కడి దాతలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) నిధులు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభాల్లో కనీసం 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి. ఏ పనులకో ఏడో షెడ్యూలులో జాబితా ఉంది. విద్య, ఆరోగ్యం, పర్యావరణం, మహిళా సాధికారత అన్నీ ఉన్నాయి గానీ పాత్రికేయం అనే మాట లేదు. అందుకని మీడియా ప్రాజెక్టు ఏదో ఒక 'అవగాహన కార్యక్రమం'గా పేరు మార్చుకుని ఆ డబ్బు తీసుకోవాలి. పేరు అవగాహన అయ్యాక కొలత కూడా దానికి తగ్గట్టే వస్తుంది. ఎంతమందికి చేరింది, ఎంతమందికి తెలిసింది అని అడుగుతారు. ఏ అధికారి ఏం దాచాడో, ఏ కాంట్రాక్టరు ఎంత మింగాడో బయటపెట్టిన పనికి అందులో చోటు దొరకదు.

'ఎంతమందికి చేరింది' అన్న మాటనే తీసుకుందాం. ఫేస్‌బుక్‌లో చాలాకాలం పాటు మూడు సెకన్లు ఆడితే ఒక వ్యూ. సగటున ఎంతసేపు చూస్తున్నారో తాము ఎక్కువ చేసి చూపించామని 2016లో ఆ సంస్థే ఒప్పుకుంది. యూట్యూబ్ షార్ట్స్‌లో 2025 మార్చి 31 నుంచి వీడియో ఆడటం మొదలైతే చాలు, వ్యూ కిందే లెక్క. అంటే వేలు జారి ఒక్క క్షణం కనిపించిన వీడియోకూ, ఒక తల్లి పొయ్యి దగ్గర కూర్చుని చివరిదాకా చూసిన వీడియోకూ దాత చేతిలోని నివేదికలో తేడా ఉండదు. ఒక అమెరికా కంపెనీ తన వ్యాపారం కోసం రాసుకున్న నిర్వచనం నారాయణపేటలో సామాజిక మార్పుకు కొలబద్ద అయిపోతోంది. వ్యూస్‌కి డబ్బిస్తే వ్యూసే వస్తాయి. ఎర్ర అక్షరాల థంబ్‌నెయిళ్లు, అరుపులు, కన్నీళ్లు వస్తాయి. నాలుగు నెలలు సమాచార హక్కు దరఖాస్తుల వెంట తిరిగి రాసిన కథనం ఆ పోటీలో ఎప్పుడూ వెనకబడుతుంది.

కొలవడం అసాధ్యమని మేం అనడం లేదు. ఈ దేశం ఒకప్పుడు చాలా బాగా కొలిచింది కూడా. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు సైట్ పేరుతో జరిగిన ఉపగ్రహ టీవీ ప్రయోగంలో అప్పటి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలకు సామూహిక టీవీ సెట్లు ఇచ్చారు. నాసా ఉపగ్రహం నుంచి తెలుగు కార్యక్రమాలు నేరుగా ఊరి రచ్చబండ దగ్గరికి దిగాయి. టీవీ వచ్చిన ఊళ్లనూ రాని ఊళ్లనూ ముందూ వెనకా సర్వే చేసి పోల్చారు. అంతటితో ఆగకుండా పరిశోధకులను కొన్ని ఊళ్లలో కాపురం పెట్టించారు. ఎవరు ముందు వరసలో కూర్చుంటున్నారు, ఎవరు దూరంగా నిలబడుతున్నారు, సెట్టు చెడిపోతే ఏం చేస్తున్నారు అని వాళ్లు నెలల తరబడి చూశారు. యాభై ఏళ్ల కిందటి మాట అది. కంప్యూటరు అరుదైన ఆ రోజుల్లో ఊళ్లో ఉండి చూడటానికి డబ్బు, ఓపిక రెండూ దొరికాయి. ఇప్పుడు మాదాపూర్‌లో డ్యాష్‌బోర్డు ముందు కూర్చుని అదే ప్రశ్నకు జవాబు కోరుతున్నారు.

హైదరాబాద్ నుంచి ముంబయి రోడ్డు మీద వంద కిలోమీటర్లు వెళ్తే జహీరాబాద్. అక్కడికి దగ్గరలోని మాచునూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు నడిపే సంగం రేడియో ఉంది. దళిత మహిళలు, చిన్న కమతాల రైతులు మైకు పట్టుకుని కొర్రలు, సామలు, పాత విత్తనాల గురించి తమ యాసలో మాట్లాడే రేడియో. అది 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. స్టూడియో మాత్రం అంతకు పదేళ్ల ముందు నుంచే ఉంది. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వకపోతే వాళ్లు కార్యక్రమాలను క్యాసెట్లలో రికార్డు చేసి సంఘాల సమావేశాల్లో వినిపించుకున్నారు. స్వచ్ఛంద సంస్థలకూ కమ్యూనిటీ రేడియో ఇవ్వవచ్చని కేంద్రం 2006లో ఒప్పుకున్నాక గానీ దారి తెరుచుకోలేదు. ఆ పదేళ్లలో ఏ ఏడాదికి ఆ ఏడాది 'ప్రసారం విన్న శ్రోతలు ఎందరు' అని అడిగి ఉంటే వచ్చే జవాబు సున్నా. ఆ సున్నా చూసి దాత చేతులు దులుపుకుని ఉంటే మాచునూరులో ఈ రోజు టవరే ఉండేది కాదు.

ఎంత వచ్చిందనే కాదు, ఎప్పుడు కొలిచారనేది కూడా ముఖ్యమే. ఇందుకు దూబగుంటను మించిన పాఠం తెలుగువారికి లేదు. నెల్లూరు జిల్లాలో తొంభైల మొదట్లో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రి బడిలో ఆడవాళ్లకు అక్షరాలు నేర్పే పాఠాల్లో సారా వల్ల చితికిన కుటుంబం కథ ఒకటి. ఆ పాఠం చదువుకున్న దూబగుంట మహిళలు ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్ల ముందు నడిచిన వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. కళాజాతాలు ఊరూరా పాడాయి, పత్రికలు ఆ కబురును జిల్లా జిల్లాకూ మోశాయి, సారా వేలం పాటలు ఆగిపోయాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం అమల్లోకి వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఇప్పుడు చెప్పండి, ఆ ప్రాజెక్టు ఇంపాక్ట్ ఎంత? 1991లో లెక్క తీస్తే ఎంతమంది సంతకం నేర్చారన్నదే దొరుకుతుంది. 1995లో తీస్తే దేశమంతా చెప్పుకోవాల్సిన విజయం. 1997లో తీస్తే వైఫల్యం. ఈ రోజు తీస్తే, ఊరి ఆడవాళ్లు ప్రభుత్వాన్ని దించగలరన్న నమ్మకం ఒక తరానికి కలిగిందని చెప్పాలి, దానికి యూనిట్టు ఏదీ లేదు. ఘనత ఎవరిదన్నదీ అంతే. వాచకం రాసినవారిదా, రాత్రి బడి నడిపిన వలంటీరుదా, కళాజాతాదా, పత్రికలదా? అందరిదీ. అన్నిటికంటే ముందు ఆ ఆడవాళ్లది. 'మీ ప్రాజెక్టు వల్లే ఈ మార్పు వచ్చిందని రుజువు చేయండి' అని దాత అడిగినప్పుడు నిజాయితీగల పాత్రికేయుడు తలొంచుకోవాల్సి వస్తోంది, గట్టిగా చెప్పుకోగలిగినవాడు గ్రాంటు పట్టుకుపోతున్నాడు. ఇది మమ్మల్ని నిజంగా బాధపెట్టే విషయం.

పత్రికల ప్రభావాన్ని పెద్ద ఎత్తున చూస్తే రుజువు దొరుకుతుంది. ఆర్థికవేత్తలు టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ 1958 నుంచి 1992 వరకు 16 భారతీయ రాష్ట్రాల లెక్కలు తీసి 2002లో ప్రచురించారు. పంటలు పోయినప్పుడు, వరదలు వచ్చినప్పుడు ఎక్కువమంది పత్రికలు చదివే రాష్ట్రాల్లో ప్రభుత్వాలు తిండిగింజల పంపిణీకి, సహాయానికి ఎక్కువగా కదిలాయని తేల్చారు. అందులోనూ ఆ పని చేసింది ప్రధానంగా ప్రాంతీయ భాషల పత్రికలే. మూడున్నర దశాబ్దాల లెక్క అది. ఫలానా పత్రిక, ఫలానా వార్త వల్ల ఒక బస్తా బియ్యం వచ్చిందని అందులో ఎవరూ చూపించలేరు. పన్నెండు నెలల గ్రాంటుకు అంతటి రుజువు అడగడం జామ మొక్క నాటిన వారానికే కాయలు కోయబోవడం లాంటిది.

మన నిబంధనలే ఈ విషయంలో కొంత నయం. సీఎస్ఆర్ బాధ్యత గత మూడేళ్ల సగటున 10 కోట్లు, ఆపైన ఉన్న కంపెనీలు కోటి రూపాయలు, ఆపైన ఖర్చయ్యే ప్రాజెక్టుల ప్రభావాన్ని మదింపు చేయించాలని 2021లో చేర్చిన నియమం చెబుతోంది. అదీ ప్రాజెక్టు పూర్తయి కనీసం ఏడాది గడిచాకే. పెద్ద ప్రాజెక్టుకు చట్టం ఇచ్చిన ఆ వ్యవధిని ఎనిమిది లక్షల గ్రాంటుకు మూడు నెలలకోసారి నివేదిక అడిగే ఆఫీసులు ఎందుకు ఇవ్వవో మాకు అర్థం కాదు. మదింపు ఖర్చు కింద ఆ ఏడాది సీఎస్ఆర్ ఖర్చులో 2 శాతం లేదా 50 లక్షలు, ఏది ఎక్కువైతే అంతవరకు చూపుకోవచ్చని 2022 సవరణ కంపెనీలకు వీలిచ్చింది. కొలవడానికి డబ్బుంది. ఆ డబ్బు కన్సల్టెంట్ల పవర్‌పాయింట్లకు పోకుండా ఊళ్లో నెల రోజులు ఉండి చూసే మనిషికి జీతంగా వెళ్లాలని మా కోరిక.

అమెరికాలో ప్రోపబ్లికా అనే లాభాపేక్ష లేని వార్తాసంస్థ ఒక తేలికైన పద్ధతి పాటిస్తోంది. ఒక పరిశోధన కథనం వచ్చాక ఏ అధికారి ఏం అన్నాడు, ఎవరు విచారణ వేశారు, ఏ సభలో ప్రస్తావించారు అని తేదీలతో రాసుకుంటూ పోతుంది. అది ఒక డైరీ. శాతాలు ఉండవు, ఘనత కొట్టేసే తొందర ఉండదు. హైదరాబాద్ దాతలు ఎక్సెల్ షీటు బదులు ఈ డైరీ అడగవచ్చు. ఏమీ జరగని నెలలో 'ఏమీ జరగలేదు' అని రాసినా గ్రాంటు ఆగదన్న భరోసా ఇవ్వవచ్చు. డబ్బిచ్చిన కంపెనీ కార్యకలాపాల మీదే వార్త రాసినా ఒప్పందం రద్దు కాదని కాగితం మీద పెట్టవచ్చు. ఔషధ పరిశ్రమలు నిండిన ఈ నగరంలో ఆ ఒక్క వాక్యం లేకుండా 'స్వతంత్ర మీడియాకు చేయూత' అన్న మాటకు విలువ లేదు. గ్రాంటు ముగిసిన రెండేళ్లకు ఒకసారి మళ్లీ ఊరికి వెళ్లి చూసే ఖర్చును మొదటి రోజే పక్కన పెట్టాలి. ఆ వికారాబాద్ బడిలో లేచి నిలబడ్డ అమ్మాయికి అప్పటికి పదహారు, పదిహేడేళ్లు ఉంటాయి. ఆమె ఇంటర్ చదువుతోందో లేదో వెళ్లి అడిగితేనే తెలుస్తుంది.

మా వంతుగా ఒక పని మొదలుపెడుతున్నాం. వచ్చే ఉగాది నుంచి మా జిల్లా పేజీల్లో 'ఎఫెక్ట్' ముద్ర వేసిన ప్రతి వార్త తేదీనీ నమోదు చేసుకుంటాం. ఏడాది నిండిన రోజున అదే విలేకరి అదే ఊరికి వెళ్తాడు. నల్లాలో నీళ్లు వస్తుంటే వస్తున్నాయని, రాకపోతే రావడం లేదని అదే పేజీలో, అదే సైజులో వేస్తాం.