డి-ముద్ర ప్రజలకు ప్రత్యేక హోదా కావాలి

మన దేశంలో 28 రాష్ట్రాలు, 8 కేంద్రపాలిత ప్రాంతాలు ఉన్నాయని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. వీటిలో దేనికీ చెందని జనం ఇంకొందరున్నారు. రాజ్యాంగంలో వాళ్ల ఊసు లేదు, జనగణన ఫారంలో వాళ్లకో గడి లేదు. వాళ్లను గుర్తుపట్టే ఆనవాలు ఒక్కటే: చేతిలోని బోర్డింగ్ పాస్ మీద 'డి' అనే ఇంగ్లిషు అక్షరం. ఒకచోట ముద్ర కొడతారు, ఒకచోట బిళ్ల అంటిస్తారు. డి అంటే డొమెస్టిక్. నువ్వు స్వదేశీయుడివి సుమా అని ధ్రువీకరించి, అంతర్జాతీయ ద్వారం వైపు తోలడానికి వేసే ముద్ర అది.

ఈ జాతి ఎలా పుట్టిందో ముందు చూద్దాం. విదేశం వెళ్లే విమానం ఒక్కోసారి మన దేశంలోనే ఇంకో ఊళ్లో ఆగి వెళ్తుంది, లేదా విదేశం నుంచి వచ్చి ఒక ఊళ్లో కొందరిని దించి ఇంకో ఊరికి పోతుంది. ఒకప్పుడు ఎయిరిండియా విమానం హైదరాబాద్‌లో బయల్దేరి ఢిల్లీ మీదుగా చికాగో వెళ్లేది. దుబాయ్ నుంచి హైదరాబాద్ మీదుగా విశాఖపట్నం వచ్చేది ఇంకోటి. ఇలాంటి విమానాల్లో దేశం లోపలి ముక్కకు సీట్లు మిగిలిపోతాయి. పెళ్లివారిని దించి ఖాళీగా తిరిగొచ్చే బస్సు డ్రైవరు దారిలో చెయ్యెత్తినవాళ్లను ఎక్కించుకున్నట్టు, ఎయిర్‌లైన్ ఆ సీట్లను మామూలు దేశీయ టికెట్‌గా అమ్ముకుంటుంది. కొన్నవాడు కూడా సంతోషిస్తాడు. పెద్ద విమానం, రెండు నడవలు, సీటు వెనక తెర. ముద్ర సంగతి టికెట్ మీద పెద్దక్షరాల్లో ఎవరూ రాయరు.

మరి ఈ ముద్ర అవసరం ఎందుకొచ్చింది? బంగారం వల్ల. విదేశంలో ఎక్కినవాడు బిస్కెట్లను సీటు కిందో, మరుగుదొడ్డి ప్యానెల్ వెనకో దాచి చేతులూపుకుంటూ దిగిపోతాడు. దేశం లోపలి ముక్కకు టికెట్ కొన్న అతని సహచరుడు వాటిని తీసి నడుముకు కట్టుకుని, దేశీయ ప్రయాణికుడిలా కస్టమ్స్ కంటబడకుండా బయటికి నడుస్తాడు. ఈ విద్య ప్రచారంలోకి వచ్చాక కస్టమ్స్‌వారు ఆ విమానం ఎక్కిన ప్రతివాణ్నీ తమ దారిలోనే రప్పిస్తున్నారు. సబబే, ఎవరూ తప్పుపట్టలేరు. కానీ మరుగుదొడ్డిలో దొరికిన బంగారానికి శిక్షగా మనకు లాంజ్‌లో, అంటే విమానాశ్రయంలో బ్యాంకు కార్డు గీకి కూర్చునే విశ్రాంతి గదిలో, ఇడ్లీ ఎలా పోయిందన్నదే ఈ వ్యాసం తేల్చదలచిన విషయం.

ముందుగా చిన్న చిన్న నష్టాలు. మొహం చూపిస్తే గేటు తెరుచుకునే డిజియాత్ర 2022 డిసెంబరులో మొదలైంది. అది దేశీయ వైపు సదుపాయం. డి-ప్రజలకు మొహం ఉన్నా లేనట్టే. ఫోన్‌లోని బోర్డింగ్ పాస్ మీద ముద్ర కొట్టలేరు కాబట్టి కాగితం పాస్ కోసం కౌంటర్‌కు వెళ్లాలి. పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ లాంటి ఫోటో గుర్తింపు కార్డు చాలు. అయితే పాస్‌పోర్టులు పట్టుకున్న బంధువర్గం మొత్తం మీ ముందు వరసలోనే ఉంటుంది కాబట్టి మామూలు కంటే ఒక గంట ముందే రండి. దేశీయ భద్రతా తనిఖీలో నిక్షేపంగా దాటిపోయే మంచినీళ్ల సీసాను ఇక్కడ ఆపేస్తారు. ద్రవాలు ఒక్కో డబ్బాలో 100 మిల్లీలీటర్లు దాటకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక సంచిలో ఇమడాలి. నెయ్యీ, ఆవకాయా ఈ లెక్కలో ద్రవాలే. పెద్ద సామానులో వేసెయ్యండి. చెన్నైలో ఎక్కేవాళ్లకు ఇంకో జాగ్రత్త: అక్కడ దేశీయానికి ఒకటి, నాలుగు టెర్మినళ్లు, అంతర్జాతీయానికి రెండోది. 'చెన్నై-ఢిల్లీ' అనే మాటను నమ్మి ఒకటో టెర్మినల్ ముందు ఆటో దిగితే సూట్‌కేసు చక్రాల నాణ్యత తెలిసొస్తుంది.

ఇక అసలు విషయానికి, అంటే ఇడ్లీకి వద్దాం.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం చూసిన జాతి మనది. ఆ పథకానికి నిజమైన వారసుడు ఇప్పుడు విమానాశ్రయంలో ఉన్నాడు. లాంజ్ గుమ్మం దగ్గర కార్డు గీకితే చాలా కార్డుల్లో పోయేది రెండు రూపాయలు, కొన్నింటికి 25. ఆపైన ఇడ్లీ, వడ, ఉప్మా, మెషిన్ కాఫీ, మెత్తటి సోఫా, ఛార్జింగ్ సాకెట్, ఎవరూ తెరవని ఇంగ్లిషు పత్రిక. తెల్లకార్డు బదులు క్రెడిట్ కార్డు, డీలర్ బదులు టై కట్టుకున్న కుర్రాడు. బయట క్యూ మాత్రం అచ్చం పాత చౌకధరల దుకాణం క్యూనే.

ఆ రెండు రూపాయలు ఇడ్లీ ఖరీదు కాదు. కార్డు బతికే ఉందా, దానికి అర్హత ఉందా అని మెషిన్ బ్యాంకును అడిగే ప్రశ్న అది. అసలు ఖరీదు తర్వాత బ్యాంకు లాంజ్‌కు కడుతుంది. ఇక్కడో సూక్ష్మం ఉంది. మెషిన్‌కు మీ బోర్డింగ్ పాస్ కనబడదు. మీరు ఢిల్లీ వెళ్తున్నారో డెట్రాయిట్ వెళ్తున్నారో దానికి పట్టదు. దానికి తెలిసినవి రెండే: కార్డు ఏ రకం, తాను ఏ లాంజ్‌లో కూర్చుంది. ఆ లాంజ్ మీ కార్డు జాబితాలో ఉంటే పచ్చజెండా, లేకపోతే ఎర్రజెండా. బోర్డింగ్ పాస్ చూసేది పక్కనున్న కుర్రాడు. కనుక డి-పౌరుడికి ఇద్దరు ద్వారపాలకులు. మెషిన్ 'ఇది అంతర్జాతీయ లాంజ్, నీది దేశీయ కార్డు' అంటుంది. దాన్ని దాటితే కుర్రాడు 'ఇది అంతర్జాతీయ లాంజ్, మీది దేశీయ టికెట్ సార్' అంటాడు. పాపం ఇద్దరూ మర్యాదస్తులే.

బ్యాంకుల నిబంధనలు చదివితే హిరణ్యకశిపుడి వరం గుర్తొస్తుంది. పగలు కాదు, రాత్రి కాదు. ఇంట్లో కాదు, బయట కాదు. కార్డు కాగితంలో మూడు రకాల మాటలుంటాయి. మొదటిది 'దేశీయ లాంజ్‌లు': ఇది దేశీయ నిష్క్రమణ వైపు లాంజ్‌లకే పరిమితం. రెండోది 'భారతదేశంలోని లాంజ్‌లు': ఇందులో అంతర్జాతీయ టెర్మినళ్లలోవి కూడా ఉండొచ్చు, ఈ మాట ఉన్న కార్డు దొరికితే పూజ గదిలో పెట్టుకోండి. మూడోది 'అంతర్జాతీయ లాంజ్‌లు': సాధారణంగా ప్రయారిటీ పాస్ అనే విడి కార్డు ఇస్తారు. చాలా బ్యాంకులు దీన్ని భారతదేశం వెలుపల మాత్రమే ఉచితమంటాయి, ఇక్కడ చూపిస్తే ఒక్కో ప్రవేశానికి డాలర్లలో వడ్డన.

ఇప్పుడు శంషాబాద్‌లో డి-ముద్రతో నిలబడ్డ మనిషిని ఊహించండి. లాంజ్ ఉన్నది అంతర్జాతీయ వైపు, కాబట్టి మొదటి వరం పనికిరాదు. ఆ అంతర్జాతీయ వైపు ఉన్నది రంగారెడ్డి జిల్లాలో, కాబట్టి మూడో వరమూ ఉచితంగా పనికిరాదు. టెర్మినల్ అంతర్జాతీయమే గానీ విదేశం కాదు. ప్రయాణం దేశీయమే గానీ లాంజ్ దేశీయం కాదు. ఆ రాక్షసుడికైనా కడకు గడప మీద మోక్షం దొరికింది. మనవాడికి గడప మీద దొరికేది 'సారీ సార్' మాత్రమే.

సరే పోనీ అని ప్రయారిటీ పాస్ గీకేస్తే? చాలా బ్యాంకులు పెట్టే ధర 27 డాలర్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపితే రెండున్నర వేల పైమాటే. బిల్లు అప్పటికప్పుడు రాదు. అందరూ ఆ ఇడ్లీ రుచి మరిచిపోయాక నెమ్మదిగా స్టేట్‌మెంట్‌లో ప్రత్యక్షమవుతుంది. స్వదేశంలో, స్వదేశీ విమానం కోసం ఎదురుచూస్తూ, స్వదేశీ సాంబారును డాలర్లలో తినే భాగ్యం భూమ్మీద ఇంకే జాతికీ దక్కలేదు. మన రేషన్ కార్డు దేశంలో ఏ మూలనైనా చెల్లుతుంది, 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ ఆ పద్ధతిలోకి వచ్చేశాయి. లాంజ్ కార్డు మాత్రం అదే కప్పు కింద గోడకు అవతలి పక్క చెల్లదు.

డి-పౌరులు ముందురోజు రాత్రి చేయవలసిన విధులు కొన్ని ఉన్నాయి. టికెట్‌లోని విమానం నంబరును ఎయిర్‌లైన్ యాప్‌లో కొట్టి, అదే నంబరు ఆ ఊరు దాటి దుబాయో లండనో పోతోందా, లేదా అక్కణ్నుంచే వస్తోందా చూడండి. పోతున్నా, వస్తున్నా మీరు డి-పౌరులే. తర్వాత బ్యాంకు యాప్ తెరిచి లాంజ్‌ల జాబితాలో ఊరి పేరు చూసి ఆగిపోకండి, పక్కన టెర్మినల్ గడిలో ఏముందో చదవండి. 'హైదరాబాద్' అని ఉంటే సరిపోదు, 'అంతర్జాతీయ నిష్క్రమణ' అని ఉండాలి. ఖర్చు షరతు కూడా చూసుకోండి. గత మూడు నెలల్లో ఇంత ఖర్చు చేస్తేనే లాంజ్ అనే పద్ధతి ఇప్పుడు మామూలైంది. ఐసీఐసీఐ బ్యాంకు 2024లో చాలా కార్డులకు ఈ గీతను 35,000 నుంచి 75,000 రూపాయలకు జరిపింది. అంటే ఇడ్లీ ఉచితమే, కాకపోతే ముందుగా ఒక ఫ్రిజ్ కొనాలి. పాత జాబితాలను నమ్మకండి. లాంజ్‌లకూ బ్యాంకులకూ మధ్య దళారీగా ఉన్న డ్రీమ్‌ఫోక్స్ 2025 సెప్టెంబరులో దేశీయ లాంజ్ సేవలు ఆపేశాక ఏ కార్డు ఎవరి ద్వారా చెల్లుతుందన్న లెక్కలు తారుమారయ్యాయి.

ఇంకో గండం ప్రత్యేకించి తెలుగువాళ్లకు. కార్డు మీది పేరూ బోర్డింగ్ పాస్ మీది పేరూ ఒకటేనా అని కౌంటర్‌లో చూస్తారు. మన కార్డు మీద ఇంటిపేరు ఒక్క అక్షరం, ఆ తర్వాత మూడు పొడి అక్షరాలు. బోర్డింగ్ పాస్ మీద అవే విప్పారి వెంకట సత్య సూర్యనారాయణ అంటూ ఖాళీ లేకుండా అతుక్కుని, చివర చోటు చాలక 'నారా' దగ్గర తెగిపోతాయి. ఆ కుర్రాడు రెండింటినీ పక్కపక్కన పెట్టి, సంధి విడదీయమన్న పరీక్ష పత్రం చూసినట్టు చూస్తాడు. ఆధార్ చేతిలో ఉంచుకోండి.

వెనక్కి తిరిగి దేశీయ వైపు లాంజ్‌కు పోదామన్న ఆలోచన పెట్టుకోకండి. ఒకసారి అటు దాటాక ఇటు రానివ్వరు. లోపలికి వెళ్లగలిగినా రెండు మూడు గంటలే గడువు. అవతలి దేశం నుంచి రావలసిన విమానం ఆలస్యమైతే మీ దేశీయ ముక్కా ఆలస్యమే, సోఫా గడువు మాత్రం పెరగదు. బిజినెస్ క్లాసు టికెట్టో, తరచూ ఎగిరేవాళ్లకు ఎయిర్‌లైన్లు ఇచ్చే స్టార్ అలయన్స్ గోల్డ్ హోదానో ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లను పిలిచేది ఎయిర్‌లైన్, బ్యాంకు కాదు. వాళ్లు ఈ పోరాటానికి పనికిరారు.

కంటి ముందున్న డ్యూటీ ఫ్రీ, అంటే పన్ను లేని సరుకుల దుకాణం కూడా డి-పౌరుడికి చూడ్డానికే. మద్యం సీసాలు వరసగా నవ్వుతుంటాయి, బిల్లింగ్ దగ్గర పాస్ మీది ముద్ర చూడగానే మొహం మారిపోతుంది. విమానం ఎక్కాక ఆ ముక్క దేశీయమే కాబట్టి మద్యం పొయ్యరు. ఈ ఒక్క విషయంలో మాత్రం అందరూ అతణ్ని నిఖార్సైన భారతీయుడిగా గుర్తిస్తారు.

ఈ ముద్ర మన సొత్తేమీ కాదు. ఆస్ట్రేలియాలో క్వాంటాస్ విమానం నంబరు 1 నుంచి 399 లోపు ఉంటే దేశీయ ప్రయాణమైనా అంతర్జాతీయ టెర్మినల్‌కే వెళ్లాలి, అక్కడా డి బిళ్ల అంటిస్తారు. సిడ్నీ, మెల్‌బోర్న్‌ల మధ్య తిరిగే మనవాళ్లకు ఇది తెలుసు. కాకపోతే అక్కడ నంబరు చూస్తే చాలు, జాతకం తెలిసిపోతుంది. ఇక్కడ పంచాంగం మొత్తం తిరగెయ్యాలి.

కనుక డిమాండ్ ఇది: డి-ముద్ర ప్రజలకు ప్రత్యేక హోదా ఇవ్వాలి. అంతర్జాతీయ లాంజ్ మెషిన్‌లో కొత్తగా ఒక మీట పెట్టాలి, దాని మీద 'డి' అని రాయాలి. నొక్కితే దేశీయ కార్డులన్నీ రెండు రూపాయలకే చెల్లాలి. ఈ మాట అంటే ఢిల్లీ ఏం చేస్తుందో తెలుగువాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2014లో హోదా అన్నారు, 2016లో ప్యాకేజీ అన్నారు. రేపు గేటు దగ్గర హోదా బదులు ప్యాకేజీ అంటూ ఒక జ్యూసు డబ్బా, బిస్కెట్ పొట్లం చేతిలో పెడితే ఒప్పుకునేది లేదు. బిస్కెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాకే ఏ నిర్ణయమైనా.

ఉద్యమం ఫలించే దాకా ఒక జాగ్రత్త. దిగాక సామాను అంతర్జాతీయ బెల్టు మీద వస్తుంది, బయటికి పోయే దారి కస్టమ్స్ ముందు నుంచే. అక్కడ డి-ముద్ర ఉన్న బోర్డింగ్ పాస్ ముక్క చూపించాలి. అది సీటు జేబులో వదిలేసి వస్తే, మీరు విశాఖలో దిగిన విజయనగరం మనిషైనా సరే, దుబాయ్ నుంచి ఏం తెచ్చారని అడుగుతారు. బయటపడ్డాక కూడా ఆ ముక్కను పారేయకండి. 27 డాలర్ల బిల్లు వచ్చినప్పుడు బ్యాంకుకు ఫోన్ చేసి, నేను వెళ్లింది దేశీయ విమానంలోనండీ అని నిరూపించడానికి అదొక్కటే ఆధారం. వాళ్లు శ్రద్ధగా విని, మీరు తిన్నది ఎక్కడండీ అని అడుగుతారు.